ఒకే బల్ల, ఐదు తీర్పులు: ఖరీదైన ఫ్రెంచి భోజనానికి ఎలా వెళ్లాలి

మా మావయ్యగారి డెబ్బయ్యో పుట్టినరోజుకు విశాఖపట్నం బీచ్ రోడ్డులోని ఒక పెద్ద హోటల్లో, ఫ్రెంచి వంటకాలు ప్రధానంగా వడ్డించే రెస్టారెంటులో ఐదుగురం రాత్రి భోజనం చేశాం. బయటికి వచ్చి, కారు తెచ్చే కుర్రాడి కోసం మెట్ల మీద నిలబడ్డ పది నిమిషాల్లోనే ఐదు వేర్వేరు తీర్పులు వెలువడ్డాయి. ఇంత మంచి చేపను ఈ ఊళ్లో ఇంతకుముందెన్నడూ తినలేదని మా మరిది అన్నాడు. అదే చేప తెప్పించుకున్న అత్తయ్యగారు, "ఏటమ్మా, అన్నేసి డబ్బులు పోసి ఉప్పూ కారం లేని చేప తినిపించేవు" అని నన్నే నిలదీశారు. మావారు చల్లారిపోయిన ఉల్లిపాయ సూపును తలచుకుని ఇంకా చిరాకు పడుతున్నారు. మావయ్యగారికి భోజనం నచ్చింది గాని, రెండు గంటల నలభై నిమిషాలు కూర్చోబెట్టినందుకు, మంచినీళ్లకు కూడా విడిగా డబ్బు వేసినందుకు ఆయన మనసు నొచ్చుకుంది. ఇంతమందిని అక్కడికి తీసుకువెళ్లిన నేను, పళ్లెం చిన్నదైపోయిందని అనుకుంటూ కూడా పైకి అనలేక ఊరుకున్నాను.

ఆ తర్వాత ఈ ఊళ్లోనూ హైదరాబాదు, పుదుచ్చేరిలోనూ ఇటువంటి భోజనాలు మరికొన్ని చేశాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, ఆ ఐదు తీర్పుల్లో వంటవాడి తప్పు వల్ల వచ్చినది ఒక్క సూపు విషయమే. మరిది మెప్పు పోను, తక్కిన మూడూ మేము ముందుగా అడిగి తెలుసుకోకపోవడం వల్ల వచ్చాయి. చప్పగా ఉంటుందని అత్తయ్యగారికి ఎవరూ చెప్పలేదు, ఎంతసేపు పడుతుందో మావయ్యగారికి ఎవరూ చెప్పలేదు. అందుకే కింద రాసినవాటిలో ఎక్కువ భాగం, కుర్చీలో కూర్చోకముందే చేసుకోవలసిన పనులకు సంబంధించినవి.

టేబుల్ బుక్ చేసేటప్పుడే అడగవలసినవి

ఫోనులో చాలామంది రెండే మాటలు చెబుతారు, ఎంతమంది వస్తున్నారన్నది, ఎన్ని గంటలకు వస్తారన్నది. అంతకన్నా ముఖ్యమైన ప్రశ్నలు మరో నాలుగైదు ఉన్నాయి. ఫోను తీసినవారికి జవాబులు తెలియకపోతే, రెస్టారెంటు మేనేజర్‌కు గాని వంటశాలలోని షెఫ్‌కు గాని ఇమ్మని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. ఇంత ధర తీసుకునే చోట ఆ పాటి తీరిక వారికి ఉండాలి.

మొదట తేల్చుకోవలసినది భోజనపు పద్ధతి. ఫ్రెంచి రెస్టారెంట్లలో ఎవరికి కావలసినది వారు విడివిడిగా ఎంచుకునే ఆలా కార్ట్ పద్ధతి ఒకటి, నిర్ణీత ధరకు మూడు నాలుగు వంటకాలు వరుసగా ఇచ్చే సెట్ మెనూ మరొకటి, షెఫ్ తన ఇష్టప్రకారం ఏడెనిమిది చిన్న చిన్న పళ్లేలు పంపించే టేస్టింగ్ మెనూ ఇంకొకటి. మొదటిసారి వెళ్లేవారికి, అందులోనూ పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేవారికి, టేస్టింగ్ మెనూ వద్దని నా సలహా. అది మూడు గంటలకు తక్కువ కాదు, పైగా నచ్చని పళ్లెం వచ్చినప్పుడు తప్పించుకునే దారి ఉండదు. ధర చెప్పినప్పుడు పన్నులు కలిపి చెబుతున్నారా, కలపకుండా చెబుతున్నారా అన్నది అప్పుడే అడగాలి.

రెండవది, మన ఇళ్లలో అన్నిటికన్నా సున్నితమైనది, ఏమి తింటాం, ఏమి తినం అన్న విషయం. ఫ్రెంచి వంటకు స్టాక్, అంటే ఎముకలను గంటల తరబడి మరిగించి తీసిన రసం, పునాది వంటిది. కూరగాయల పేరుతో ఉన్న సూపులో కూడా కోడి స్టాక్ ఉండవచ్చు. ఉల్లిపాయ సూపు అనగానే శాకాహారమని మనం అనుకుంటాం గాని, ఫ్రాన్సులో దానిని సంప్రదాయంగా గొడ్డుమాంసపు స్టాక్‌తో చేస్తారు. మన హోటళ్లలో చాలావరకు కోడి స్టాక్‌కో కూరగాయల స్టాక్‌కో మారుస్తారు, అయినా ఆ హోటల్లో ఏది వాడుతున్నారో అడగకుండా ఊహించుకోకూడదు. గుడ్డు, మీగడతో ఓవెన్‌లో కాల్చే కీష్ లొరేన్ అనే వంటకంలో పందిమాంసపు బేకన్ ముక్కలుంటాయి. నిస్వాజ్ సలాడ్‌లో ఆంచొవీ అనే ఉప్పుచేపలు పడతాయి. మూస్‌లు అనే నురగలాంటి స్వీట్లు, క్రీమ్ స్వీట్లు కొన్నిటిలో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది, చాక్లెట్ మూస్‌లో పచ్చిగుడ్డు ఉంటుంది. యూరపు నుంచి వచ్చే పాతకాలపు పద్ధతి చీజ్‌లను చాలావరకు దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో పేరబెడతారు. కార్తీకమాసంలో మాంసం ముట్టని అత్తయ్యగారి వంటివారిని తీసుకువెళ్లేటప్పుడు, "వెజిటేరియన్ ఉందా?" అని అడిగితే "ఉందండీ" అన్న జవాబు తప్ప మరేమీ దొరకదు. "స్టాక్, గుడ్డు, జెలటిన్, మద్యం లేని వంటకాలు ఏవేవి ఉన్నాయి, వాటి పేర్లు పంపించగలరా?" అని అడిగి, జవాబును వాట్సాప్‌లో రాతపూర్వకంగా తెప్పించుకోవడం మంచిది.

మద్యం గురించి ఒక మాట. సాస్‌లలో పోసే వైన్ ఉడికితే పూర్తిగా ఆవిరైపోతుందని సర్వర్లు తరచుగా చెబుతుంటారు, అది నిజం కాదు. ఉడికిన సమయాన్ని బట్టి కొంత మిగులుతుంది. నియమం ఉన్నవారికి ఆ కొంత కూడా ముఖ్యమే.

ఇక సమయం. ఎనిమిదిన్నరకు బుక్ చేసి తొమ్మిదింటికి చేరితే ఆ అరగంట వంటశాలకు కాదు, మన భోజనానికే తగ్గుతుంది. నేవీ డే విన్యాసాలు ఆర్కే బీచ్‌లో జరిగే సాయంత్రాలలో, ఆ ముందరి రిహార్సల్ రోజులలో బీచ్ రోడ్డు మీదుగా వేళకు చేరడం కష్టం, కాబట్టి వేడుకను ఆ రోజులకు పెట్టుకోకపోవడమే మేలు.

మెనూ చదవడం, మన నాలుకకు నప్పేవి ఎంచుకోవడం

ఫ్రెంచివారితో మన తీరానికి పరిచయం లేకపోలేదు. ఫ్రెంచి సేనాని బుస్సీ 1757లో విశాఖలోని ఇంగ్లీషువారి స్థావరాన్ని పట్టుకున్నాడు, యానాంలో 1954 దాకా ఫ్రెంచి పాలన నడిచింది. అయితే వాళ్ల వంట మాత్రం మన పొయ్యి దాకా రాలేదు. అందువల్ల మెనూలోని మాటలు మనకు కొత్త, ఒక్కోసారి ఇంగ్లీషు తెలిసినవారికి మరింత తికమక. ఆంత్రే అన్న మాట అందుకు ఉదాహరణ. అమెరికా మెనూల్లో అది ప్రధాన వంటకం, ఫ్రెంచి మెనూలో మాత్రం మొదటి పళ్లెం. మా మరిది స్నేహితుడొకరు దానినే ప్రధాన వంటకమనుకుని తెప్పించుకుని, గుప్పెడు సలాడ్‌తో రాత్రి గడిపాడట. ప్రధాన వంటకానికి ప్లా అని, తీపికి దెస్సేర్ అని ఉంటుంది. మనం అడగకుండానే మొట్టమొదట ఒక్క ముద్దంత వంటకం పలకరింపుగా వస్తే దానిని అమ్యూజ్ బూష్ అంటారు. దానికి సాధారణంగా డబ్బు వేయరు.

మాకు ఆ రోజు గొడవ తెచ్చిపెట్టిన చేపను దగ్గరగా చూస్తే అసలు తేడా ఎక్కడుందో తెలుస్తుంది. అది చందువ. ముల్లు తీసిన ముక్కను చర్మం వైపే పెనం మీద ఎక్కువసేపు ఉంచి, రెండోవైపు ఇలా తిప్పి అలా తీసేశారు. చర్మం అప్పడంలా కరకరలాడింది, లోపలి కండ రేకులు రేకులుగా విడిపోయింది, నట్టనడుమ గోరంత మందాన మాత్రం గాజులా మెరుస్తూ ఉంది. కింద బేర్ బ్లాఁ అనే సాస్, అంటే చిన్న ఉల్లిపాయల తరుగును వైట్ వైన్, వెనిగర్‌లో బాగా ఇగరబెట్టి, చల్లటి వెన్న ముక్కలను ఒక్కొక్కటిగా వేసి గిలకొట్టినది. పులుపు ఉంది, వెన్న ఉంది, ఉప్పు కూడా ఉంది, కారం ఒక్కటే లేదు. చేప రుచి చేపకే మిగలాలన్నది ఆ వంటవాడి ఉద్దేశం. చింతపండు పులుసులో చేప రుచి, పులుసు రుచి ఒకదానిలోకి ఒకటి దిగిపోవాలన్నది మన ఉద్దేశం, అందుకే చేపల పులుసు మర్నాటికి ఇంకా బాగుంటుందంటాం. మరిది మొదటి ఉద్దేశాన్ని తెలిసి వెళ్లాడు. అత్తయ్యగారు రెండోదానిని వెతుక్కుంటూ వెళ్లారు, ఆ గాజులాంటి భాగాన్ని చూసి ఉడకలేదని పక్కన పెట్టేశారు. తప్పు ఇద్దరిదీ కాదు. చేపను పూర్తిగా ఉడికించమని ఆర్డరు ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పవలసినదాన్ని నేను.

మాంసానికైతే ఆ ప్రశ్న వాళ్లే అడుగుతారు. స్టేక్ అనే మందపాటి మాంసపు ముక్క వంటి వాటిని ఎంత కాల్చాలో చెప్పడానికి ఫ్రెంచిలో, తక్కువ నుంచి ఎక్కువకు, బ్లూ, సెన్యాన్, ఆ ప్వాన్, బియాన్ కుయి అని నాలుగు మెట్లున్నాయి. ఆ ప్వాన్ అనేది మనం మీడియం అనుకునే దానికన్నా ఎర్రగా వస్తుంది, కాబట్టి ఎరుపు చూడలేనివారు బియాన్ కుయి అని గాని, వెల్ డన్ అని గాని స్పష్టంగా చెప్పాలి. బాతు రొమ్ముమాంసాన్ని గులాబీ రంగులో ఉండగానే తీస్తారు. అదే బాతు కాలును తన కొవ్వులోనే గంటల తరబడి సన్నని సెగ మీద మగ్గించే కాన్ఫీ అయితే మాంసం ఎముక నుంచి జారిపోయేంత మెత్తగా ఉంటుంది, ఉప్పు కూడా గట్టిగానే ఉంటుంది. మన ఇళ్లలోని పెద్దవాళ్లకు కాన్ఫీ నచ్చుతుంది, రొమ్ముమాంసం నచ్చదు. గుర్తుంచుకోవలసిన మరో సంగతి, ఫ్వా గ్రా అనే బాతు కాలేయం దిగుమతిని మన దేశం 2014లో నిషేధించింది. ఆ పేరు మెనూలో కనిపిస్తే అది ఎక్కడిదో అడగవచ్చు.

కారం కోసం తహతహలాడేవారికి నేను చెప్పే పేరు బూయాబేస్. మార్సెయ్ రేవులో బెస్తవారి ఇళ్లలో పుట్టిన చేపల పులుసు వంటిది అది. నాలుగైదు రకాల చేపలు, టమాటా, సోంపు ఆకు, కుంకుమపువ్వు వేసి కాస్తారు. పక్కన కాల్చిన రొట్టె ముక్కలు, వాటి మీద రాసుకోవడానికి వెల్లుల్లి, ఎండుమిరప, ఆలివ్ నూనె కలిపి నూరిన రూయ్ అనే ఎర్రని ముద్ద ఇస్తారు. ఫిషింగ్ హార్బర్ చేపలు తిని పెరిగినవారికి ఆ పులుసు పూర్తిగా పరాయిది అనిపించదు. శాకాహారులకైతే వంకాయ, గుమ్మడి జాతి జుకినీ, టమాటా కలిపి మగ్గించే రాటటూయ్, మీగడలో బంగాళాదుంప చక్రాలను పేర్చి ఓవెన్‌లో కాల్చే గ్రాటాన్ దోఫినువా ఉన్నాయి. పళ్లెం చిన్నదని నాలాగా తర్వాత బాధపడేకన్నా, ఈ గ్రాటాన్‌ను బల్ల మధ్యకు ఒకటి తెప్పించుకుంటే ఆ లోటు తీరిపోతుంది. రొట్టె, వెన్న చాలాచోట్ల అడిగితే మళ్లీ ఇస్తారు. రొట్టెను కత్తితో కోయకుండా చేత్తో తుంచుకు తినడమే అక్కడి మర్యాద, మనకు అలవాటైన పనే.

వైన్ తెప్పించుకున్నవారికి మొదట గ్లాసు అడుగున కొంచెం పోసి రుచి చూడమంటారు. అది నచ్చిందో లేదో చెప్పడానికి కాదు, సీసా పాడైందో లేదో చూసుకోవడానికి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా వల్ల వైన్ చెడిందని అర్థం, అప్పుడు సీసా మార్చమనవచ్చు.

ఆలస్యం ఎక్కడ మామూలు, ఎక్కడ తప్పు

ఫ్రెంచివారి విందు భోజనాన్ని యునెస్కో 2010లో సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. ఆ వర్ణనలోనే దాని క్రమం ఉంది: ముందు ఒక పానీయం, ఆపైన మొదటి పళ్లెం, కూరగాయలతో చేపో మాంసమో, చీజ్, తీపి అని కనీసం నాలుగు వంటకాలు ఒకదాని తర్వాత ఒకటి, చివర మళ్లీ ఒక పానీయం. తమాషా ఏమిటంటే, ఒకప్పుడు ఫ్రెంచివారు కూడా మన పెళ్లి విందులాగా అన్నీ ఒక్కసారే బల్ల మీద పరిచేవారు. ఒక్కొక్క పళ్లెమే తెచ్చే ఈ పద్ధతి 19వ శతాబ్దంలో అక్కడ స్థిరపడింది, దానిని ఇప్పటికీ రష్యా పద్ధతి అనే పిలుస్తారు.

ఈ పద్ధతిలో బల్ల దగ్గరున్న అందరి పళ్లేలూ ఒకేసారి రావాలి. అందరూ మొదటి వంటకం ముగించేదాకా రెండోది వంటశాలలో మొదలుపెట్టరు. మావయ్యగారు నొచ్చుకున్న రెండు గంటల నలభై నిమిషాలలో కనీసం ఇరవై నిమిషాలు మేమే తెచ్చుకున్నవి. మావారు ఫోను మాట్లాడడానికి బయటికి వెళ్లి సముద్రం వైపు తిరిగి నిలబడ్డారు, ఆ ఖాళీ కుర్చీని చూసి సర్వర్ మా చేపలను ఆపించాడు. ఈ సంగతి తర్వాత మేనేజర్ చెబితే తెలిసింది. కాబట్టి మధ్యలో లేచి వెళ్లవలసి వస్తే, "మీరు వడ్డించేయండి" అని గాని, "పది నిమిషాలు ఆగండి" అని గాని చెప్పి వెళ్లాలి. తొందర ఉన్నవారు కూర్చోగానే ఆ మాట చెప్పాలి. "పదిన్నరకల్లా బయలుదేరాలి" అని మొదటే చెబితే దానికి తగిన వంటకాలు వాళ్లే సూచిస్తారు. సూఫ్లే వంటి తీపికి అప్పటికప్పుడు కాల్చడానికే ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది, దానిని ప్రధాన వంటకంతో పాటే ఆర్డరు చేసి ఉంచాలి. ఇదంతా సవ్యంగా ఉండి కూడా రెండు పళ్లేల మధ్య అరగంట దాటిందంటే, ఎవరూ వచ్చి ఒక మాట చెప్పలేదంటే, అది కచ్చితంగా సేవాలోపమే.

కాఫీ తీపితో పాటు రాదు, తీపి అయ్యాక వస్తుంది. 2017లో పారిస్‌లో దుకాణం తెరిచిన అరకు కాఫీ మన ఊరి హోటల్లో ఫ్రెంచి భోజనం చివర దొరికితే మాత్రం, నేను ఆ పూట మిగతా లెక్కలు కాసేపు పక్కన పెడతాను.

పళ్లెంలో లోపం ఉంటే

మనవాళ్లలో ఎక్కువమంది బల్ల దగ్గర నవ్వుతూ "బాగుందండీ" అంటారు, ఇంటికి వెళ్లాక పదిమందికి బాగాలేదని చెబుతారు. దీనివల్ల తిన్నవారికి గాని, వండినవారికి గాని ఒరిగేదేమీ లేదు. లోపం కనిపించిన వెంటనే, రెండు మూడు ముద్దలు దాటకముందే చెప్పాలి. సగానికి పైగా తినేసిన పళ్లెం గురించి ఫిర్యాదు చేస్తే ఏ మేనేజర్ అయినా మర్యాదకు విని ఊరుకుంటాడు.

ఏది లోపమో ఏది పద్ధతో ముందు వేరుచేసుకోవాలి. చప్పగా ఉండడం, పళ్లెం చిన్నగా ఉండడం, మాంసం మనం చెప్పిన మెట్టు ప్రకారమే ఎర్రగా ఉండడం పద్ధతికి సంబంధించినవి. చల్లారిపోవడం, అడుగంటిన వాసన, విరిగిపోయి నూనె తేలిన సాస్, ఇసుక కరకరలాడే ఆకుకూర, మేము తినబోమని ముందే చెప్పిన పదార్థం పళ్లెంలో తగలడం లోపాలు. మావారి సూపు రెండో రకం. సన్నని సెగ మీద ముప్పావుగంటకు పైగా వేయించిన ఉల్లిపాయలను స్టాక్‌లో మరిగించి, గిన్నెలో పోసి, రొట్టె ముక్క మీద గ్రుయేర్ చీజ్ తురుము చల్లి, పైమంట గ్రిల్లు కింద పెట్టి ఇస్తారు. మావారి గిన్నె మీద చీజ్ బుడగలు వస్తూనే ఉంది, చెంచా లోపలికి దించితే సూపు మాత్రం గోరువెచ్చగా కూడా లేదు. అంటే ముందుగా చేసి ఫ్రిజ్‌లో ఉంచిన సూపును సరిగ్గా మరిగించకుండా, చీజ్ వేసి పైపైన కాల్చారన్నమాట. సర్వర్‌ను పిలిచి, "బాగాలేదు" అనకుండా, "పైన వేడిగా ఉంది, లోపల చల్లగా ఉంది, ఒకసారి చూడండి" అని గిన్నె చూపించాను. ఎనిమిది నిమిషాల్లో కొత్త గిన్నె వచ్చింది. ఈసారి పైన సరిగానే ఉంది గాని లోపల మళ్లీ అంతంతమాత్రమే. అప్పుడు మేనేజర్‌తో మాట్లాడాం, బిల్లులోంచి ఆ సూపును తీసేశారు. రుచి గురించి తీర్పు చెబితే వాదన పుడుతుంది, కంటికి కనిపించేది, చేతికి తగిలేది చూపిస్తే వాదించడానికి ఏమీ ఉండదు.

బిల్లు

"స్టిల్లా, స్పార్క్లింగా, మేడమ్?" అని కూర్చోగానే అడుగుతారు. రెండూ సీసా నీళ్లే. మూడో జవాబు ఒకటుందని వాళ్లు చెప్పరు: "మామూలు ఫిల్టర్ నీళ్లు చాలండీ." సీసా నీళ్లకు హోటళ్లు ముద్రించిన ధరకు మించి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులోనే చెప్పింది, కాబట్టి తాగేశాక అడిగితే ఫలితం లేదు.

జీఎస్టీ విషయంలో బయటి రెస్టారెంటుకు, పెద్ద హోటల్లోని రెస్టారెంటుకు తేడా ఉంది. మామూలుగా 5 శాతం. గది అద్దె రోజుకు రూ.7,500 దాటే హోటళ్ల ఆవరణలో ఉన్నవాటికి 18 శాతం. భోజనం రూ.9,000 అయితే మొదటి చోట పన్ను రూ.450, రెండో చోట రూ.1,620. మద్యానికి జీఎస్టీ వర్తించదు, రాష్ట్రపు పన్ను విడిగా పడుతుంది. సర్వీస్ చార్జీ అనేది పన్ను కాదు. దానిని బిల్లులో తమంత తాముగా కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. కనుక డబ్బు కట్టకముందే తీసేయమని అడగాలి, వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. నేనైతే ఆ వరుసను తీయించి, బాగా చూసుకున్న సర్వర్‌కు నాకు తోచినంత చేతిలో పెడతాను.

ఇతరుల మాటలను ఎలా తూచాలి

ఒకే రెస్టారెంటు గురించి ఒకరు అద్భుతమని, మరొకరు దండగని చెబితే, ఇద్దరిలో ఎవరు నిజం చెబుతున్నారన్న ప్రశ్న వేసుకోకుండా, ఎవరు దేని గురించి చెబుతున్నారో చూడాలి. ఇందుకు మిషలిన్ గైడు పద్ధతి కొంత పనికొస్తుంది. టైర్ల కంపెనీ 1900లో కారు యజమానుల కోసం మొదలుపెట్టిన ఆ పుస్తకం 1926 నుంచి రెస్టారెంట్లకు స్టార్లు ఇస్తోంది. పదార్థాల నాణ్యత, వండడంలో నేర్పు, రుచుల పొందిక, షెఫ్ సొంత ముద్ర, వెళ్లిన ప్రతిసారీ ఒకే స్థాయి నిలబెట్టుకోవడం అన్నవే వారి కొలమానాలు. గోడల అందం, కుర్చీల మెత్తదనం, సముద్రం కనిపించే కిటికీ స్టార్ల లెక్కలోకి రావు. వినేటప్పుడు కూడా వంట గురించిన మాటలను ఒకవైపు, సేవను, వాతావరణాన్ని, ధరను మరోవైపు పెట్టుకుంటే, సగం తగువులు అక్కడే విడిపోతాయి. నిశ్చితార్థం జరిగిన రాత్రి తిన్నవారి మెప్పును, బంధువులతో పేచీ పడుతూ తిన్నవారి తెగడ్తను నేను సగానికి తగ్గించి తీసుకుంటాను. "అంతా బాగుంది" అన్నవారి కన్నా, "బాతు బాగుంది, రొట్టె నిన్నటిది" అన్నవారిని ఎక్కువ నమ్ముతాను. ఒకే లోపాన్ని ఒకరికొకరు తెలియని ముగ్గురు చెబితే, దానిని లోపంగానే లెక్కవేస్తాను.

ఆ కొలమానాల్లో చివరిదాన్ని, ఒకే స్థాయి నిలబెట్టుకోవడమన్నదాన్ని, ఒక్క భోజనంతో ఎవరూ తేల్చలేరు. అందుకని నాలుగు నెలల తర్వాత అదే ఐదుగురం అదే హోటల్‌కు మళ్లీ వెళ్లాం. ముందు రోజే ఫోను చేసి స్టాక్ సంగతి, సమయం సంగతి మాట్లాడుకున్నాం, నీళ్లు మామూలువే తెమ్మన్నాం. సూపు ఈసారి అడుగు దాకా పొగలు కక్కుతూ వచ్చింది. చందువ మాత్రం మొదటిసారి కన్నా ఒక్క నిమిషం ఎక్కువ ఉడికి కాస్త బిరుసెక్కింది, మరిది ముఖం చిన్నబోయింది. అత్తయ్యగారికి బూయాబేస్ తెప్పించాను. మొదటి రొట్టె ముక్కకు ఆ ఎర్రటి ముద్దను అనుమానంగా అంచున రాసుకున్నారు, రెండోదానికి నిండుగా పట్టించారు. ఆ తర్వాత ఖాళీ అయిన చిన్న గిన్నెను నా వైపు జరిపి, "ఆ అబ్బాయిని పిలిచి ఇది ఇంకొంచెం తెమ్మనమ్మా, డబ్బులేస్తాడేమో ముందే అడుగు" అన్నారు.